వెనక సీటు, ఎడం పక్క

ఏదీ, కొనేవాడికివ్వడానికి ఏం రాశావో చదువు. ఊఁ... "ఎనభై ఏళ్ళ నాటి కారు, మంచి చేతుల్లో నడిచింది, అంతా ఒరిజినల్." బావుంది, చదవడానికి కమ్మగా ఉంది. కొట్టెయ్యి. అలా చూస్తావేమే, కొట్టెయ్యమంటున్నాను. ఫోటోలు ఎన్ని పెట్టుకుంటావో పెట్టుకో, ఆ ఎండ పడే వైపు నుంచి తీసింది మరీ బాగా వచ్చింది. కానీ "అంతా ఒరిజినల్" అనే ముక్క ఈ బండి గురించి ఇదివరకే ఒకడు రాశాడు. నేనే. నీకంటే బాగా రాశాను కూడా. దానికి తల ఎంత కిందికి దించుకోవాల్సి వచ్చిందో నాకు తెలుసు, మా మావయ్యకి తెలుసు. కొనేవాడు పదకొండింటికి కదూ వస్తానన్నాడు? బోలెడు టైముంది. ఆ స్టూలు లాక్కుని కూర్చో. అది కాదు, దాని కాలు ఊగుతుంది. చూశావా, లోపం ముందే చెప్పాను. మావయ్య పెంపకం మరి.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు. నువ్వు పుట్టేనాటికే లేడు. పాత కార్ల వర్తకుడు. పాతవంటే నాలుగేళ్ళు వాడి అమ్ముకునేవి కావు, చేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డవి, విడిభాగం కావాలంటే ఇంకో చచ్చిన బండిలోంచి పీక్కోవాల్సినవి. అచ్చాఫీసు పక్కన రేకుల షెడ్డు, అందులో ఇరుకిరుగ్గా ఆరు బండ్లు. ఆరో బండి బయటికి తియ్యాలంటే మిగతా అయిదూ వీధిలోకి రావాల్సిందే. అచ్చాఫీసు వాళ్ళు, "మీ బండ్లు షికారుకి బయల్దేరాయా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఊరంతా ఆయన్ని లోపాలాయన అనేది. అసలు పేరు పోస్టుమానుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎందుకంటావా, అమ్మకానికి పెట్టిన ప్రతి బండి అద్దానికీ లోపలి వైపు ఒక చీటీ అంటించేవాడు. అందులో ఆ బండికున్న లోపాలన్నీ ఉండేవి. ఆయన దస్తూరీ కోడిగెలుకుడు, కానీ మాట మాత్రం సూటిగా ఉండేది. "గడియారం చచ్చిపోయింది. వాన పడితే కుడి తలుపు ఏడుస్తుంది. మూడో గేరుకి అలక, బతిమాలుకోవాలి. ముందు బంపరు దీనిది కాదు." ఇలాగ. మా అత్తయ్య అనేది, "నా లోపాలు కూడా రాసి వీధి తలుపుకి అంటించండి, ఓ పని అయిపోతుంది" అని. "నీకు చీటీ చాలదే, నోటుపుస్తకం కావాలి" అనేవాడు. "మీకైతే బైండు చేయించాలి" అనేది ఆవిడ. ఆవిడతో నెగ్గడం ఎవరి తరం!

ఏం చెబుతున్నాను? ఆఁ, చీటీ. చీటీ అంటిస్తే సరిపోదు. చివర ఒక గీత ఖాళీగా వదిలేవాడు. కొనేవాడు బండి చుట్టూ తిరిగి, లోపల కూర్చుని, కిందికి వంగి చూసి, మావయ్య రాయని లోపం ఒకటి తను పట్టుకుని అక్కడ తన చేత్తో రాయాలి. అప్పుడే అమ్మేవాడు. ఓసారి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. తెల్లబట్టలు, మెరిసే బూట్లు. అటూ ఇటూ చూసి, "లోపమేముందండీ, ఫస్టు క్లాసు" అన్నాడు. మావయ్య చేతులు కట్టుకుని, "అయితే తమరు బండిని చూడలేదండీ, దాని అద్దంలో తమర్ని చూసుకున్నారు. మళ్ళీ తీరిగ్గా దయచెయ్యండి" అన్నాడు. అతను గిర్రున తిరిగి ఎదురు షెడ్డుకి పోయాడు. ఎదురు షెడ్డాయన్ని మేము తళుకు అనేవాళ్ళం. తుప్పు మీద రంగు కొట్టి, రంగు మీద మైనం రుద్ది, మైనం మీద ప్రమాణం చేసేవాడు. నేను మావయ్యతో గొడవపడ్డాను, వచ్చిన బేరం పోగొట్టుకున్నావని. ఆయనన్నాడు, "ఒరే, కొత్త కారు అమ్మేవాడికి వెనకాల కంపెనీ ఉంటుంది. ఈ బండ్ల కంపెనీలు పోయాయి, చేసినవాళ్ళు పోయారు. ఇది ఫలానా అని చెప్పడానికి నా నోరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అది కూడా పాడైతే ఇవి ఒట్టి ఇనుము, తూకానికి వేసుకోవడమే."

నేనా? నాకప్పుడు ఇరవై ఆరు. బి.ఏ. ప్యాసై, ఉద్యోగం లేక, మావయ్య దగ్గర ఉత్తరాలు రాసేవాణ్ణి. బండితో పాటు దాని చరిత్ర ఒక కాగితం మీద రాసి ఇచ్చేవాళ్ళం, ఎవరెవరి దగ్గర నడిచింది, ఏమేం మార్చారు అని. నాకు మాటలంటే మోజు. మావయ్య "ఇద్దరు వాడారు" అంటే నేను "ఇరువురు రసికుల చేతుల్లో మెలిగినది" అని రాసేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇదుగో, ఈ మీగడరంగు బండే. ఎవరో గోదాములో దుప్పటి కప్పి పడేసిన దాన్ని మావయ్య తెచ్చి బాగుచేశాడు. చీటీ ఇంకా రాయలేదు, తుడిచి వీధిలో నిలబెట్టాడంతే. టైపు మేడమ్ ఆ వీధినే పోతోంది. టైపు మేడమంటే ఆ రోజుల్లో ఊళ్ళో సగం మందికి టైపు నేర్పినావిడ. పెళ్ళి చేసుకోలేదు, ఒక మాట ఎక్కువ మాట్లాడేది కాదు, ఆవిడ గొడుగు చూస్తేనే పిల్లలు పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆవిడ నంబరు ప్లేటు చూసి ఆగిపోయింది. గొడుగు ముయ్యడం కూడా మర్చిపోయి వెనక అద్దం దగ్గరికి వెళ్ళి, మూల మీద వేలు పెట్టి, "ఈ గీత నాదండీ" అంది. వాళ్ళ నాన్న ఒక మిల్లు యజమాని దగ్గర డ్రైవరట. పదహారేళ్ళు ఈ బండే నడిపాడట. రోజూ పొద్దున్నే బండి తుడవడానికి కూతురు సాయం వెళ్ళేదట, తుడుస్తుంటే చేతి గాజు తగిలి ఆ గీత పడిందట. "నాన్న ఒకే ఒక్కసారి నన్ను కొట్టాడండీ, ఈ గీతకే" అంది. అంతటి మేడమ్ కళ్ళల్లో నీళ్ళు. మా మావయ్య కళ్ళల్లోనూ నీళ్ళు. నేను సరేసరి.

మావయ్యకి బండి చూసే పద్ధతి ఒకటుండేది. జేబురుమాల్లో అయస్కాంతం చుట్టి ఒళ్ళంతా తడిమేవాడు, అంటుకోకపోతే రంగు కింద ఇనుముకి బదులు లప్పం మెత్తినట్టు. వేళ్ళ కణుపులతో తట్టి వినేవాడు. కింద పరిచిన రబ్బరు పట్టాలు ఎత్తి చూసేవాడు. ఆ బండికి అవేవీ చెయ్యలేదు. ఆవిడ, "లోపం రాయమంటారేంటండీ, ఇది మా నాన్న బండి, దీనికి లోపమేముంటుంది" అంటే, ఆయనెప్పుడూ వినని ఆ మాట ఆ రోజు విన్నాడు. చీటీ రాసి, గీత ఖాళీగానే వదిలి, బండి అమ్మేశాడు. ఇక నేను నా కాగితం మీద ఏం రాశానో తెలుసా? "అంతా ఒరిజినల్. ఈ స్టీరింగు మీద ఆ తండ్రి అరచేతుల వెచ్చదనం ఇంకా ఆరలేదు." రాసి నేనే మురిసిపోయాను. ఆవిడ ఆ కాగితం ఫ్రేము కట్టించి, టైపు ఇన్‌స్టిట్యూటులో తన కుర్చీ వెనక గోడకి తగిలించుకుంది.

నాలుగు నెలలు గడిచాయి. మేడమ్ డ్రైవింగు నేర్చుకుంది. పొద్దున్న బండి మొరాయిస్తే టైపు క్లాసు మొత్తం వచ్చి తోసేది. ఆవిడ నవ్వడం ఊరు అప్పుడే మొదటిసారి చూసింది. ఇంతలో మా షెడ్డుకి ఒక ముసలి టింకరింగు మేస్త్రీ వచ్చాడు, పాత పరికరాలు అమ్ముకోవడానికి. చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. టీ ఇచ్చాం. ఆ టైముకి మేడమ్ బండి వీధిలో వెళ్ళింది. చప్పుడు విని తల తిప్పి చూసి, "అదింకా నడుస్తోందా! దాన్ని నేనే అతికాను బాబూ" అన్నాడు. ఏమిటంటావు అన్నాడు మావయ్య. "రెండు బండ్లండి. ఒకటి లారీ కింద ముక్కు పోగొట్టుకుంది, ఒకటి వెనక్కి దొర్లి తోక పోగొట్టుకుంది. బాగున్న ముందూ బాగున్న వెనకా కలిపి, ముందు సీట్ల వెనక అతుకు వేశాను. వెనక సగానిది ఆ నంబరు." ఎంత సంతోషంగా చెప్పాడో! తన చేతిపని ఇంకా తిరుగుతోందని. మావయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఏదో వంకన బండి రప్పించి, కిందికి దూరి చూశాడు. బయటికొచ్చి, "అతుకు గట్టిదే. ఇనుము విరగాలి గాని అది ఊడదు" అన్నాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. "అయితే ఇంకేం మావయ్యా, ప్రమాదం లేదు కదా, ఊరుకుందాం. ఆవిడ ఎంత సంతోషంగా ఉందో చూశావుగా. చెప్పి ఏం బావుకుంటావు? ఆవిడ పోగొట్టుకోవడం తప్ప" అన్నాను. ఇప్పటికీ అనుకుంటాను, ఆ మాటలో పసుందే అని. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని బండి చూడకూడదురా. తప్పు నాది. అబద్ధమని నాకు తెలియనప్పుడు అది పొరపాటు. మేస్త్రీ చెప్పిన క్షణం నుంచి ఆవిడ ఆ బండి ఎక్కిన ప్రతిసారీ నేను ఆవిణ్ణి మోసం చేస్తున్నట్టే. రోజుకి రెండుసార్లు. నావల్ల కాదు" అన్నాడు. ఎదురు షెడ్డు తళుకుకి తెలిస్తే మన పరువేం కాను అన్నాను. "ఏమవుతుంది, చీటీలో ఇంకో లోపం పెరుగుతుంది. పద. ఆ అరచేతుల వెచ్చదనం నువ్వే రాశావు, నువ్వే వచ్చి కొట్టెయ్యి."

ఇన్‌స్టిట్యూటులో క్లాసు అయిపోయింది, మిషన్ల మీద గుడ్డలు కప్పుతోంది ఆవిడ. మావయ్య నిలబడే చెప్పాడు. నసగలేదు, మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. "బండి వద్దంటే ఇప్పుడే తీసుకెళ్ళి మీ సొమ్ము మీకిస్తానమ్మా. ఉంచుకున్నా నా తప్పు తప్పే" అన్నాడు. నేను గోడమీది ఫ్రేము వంక చూడలేక మిషన్ల వంక చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు. "అతుకెక్కడ?" అంది. "ముందు సీట్ల వెనకమ్మా." "అంటే స్టీరింగు..." "మీ నాన్నగారిది కాదు." "ఆ సీటు?" "కాదమ్మా." ఆవిడ ఓ గుడ్డ కప్పింది, ఇంకో గుడ్డ కప్పింది. చివరికి, "అయితే నాన్న బండిలో నాకు మిగిలింది వెనక సీటన్నమాట" అంది. అని ఏదో తట్టినట్టు ఆగిపోయింది. "నేను ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదండీ. కూర్చోకూడదు కదా, డ్రైవరు కూతుర్ని. తుడిచేదాన్నంతే. ఇప్పుడు కొన్నాక కూడా నేను నడుపుకోవడమే, అటు చూడనేలేదు."

ముగ్గురం కిందికి దిగాం. ఆవిడ వెనక తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఎడం పక్క కూర్చుంది. యజమాని భార్య అక్కడే కూర్చునేదట. ఒళ్ళో చేతులు పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, "పోనివ్వండి" అంది. మావయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్కన. రైలు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాం. ఆగాక వెనకనుంచి ఒక చప్పుడు. ఏడుస్తోందనుకుని నేను తిరగలేదు. మావయ్య అద్దంలో చూసి, "ఏమిటమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వుతోంది తల్లీ! కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "స్ప్రింగు గుచ్చుకుంటోందండీ! దారంతా ఒకటే పోటు. పదహారేళ్ళు రోజూ ఈ సీటు తుడుస్తూ, దీని మీద కూర్చున్నవాళ్ళు ఎంత హాయిగా ఉంటారో అనుకునేదాన్ని. పాపం, ఆవిడ మొహం ఎప్పుడూ చిటపటలాడుతూ ఎందుకుండేదో ఇప్పుడు తెలిసింది!"

తర్వాతేముంది. పైకి వెళ్ళి ఫ్రేము దించి నా చేతికిచ్చింది, నా వాక్యం నేను కొట్టేశాను. మావయ్య చీటీలో "ముందు సగం వేరే బండిది, అతుకు ఉంది, చూడకుండా అమ్మాను" అని రాశాడు. ఆవిడ ఆ చీటీని మిషనుకెక్కించి, ఖాళీ గీత మీద టకటకా కొట్టింది. "వెనక సీటు, ఎడం పక్క స్ప్రింగు గుచ్చుకొనును. బాగుచేయరాదు." ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు నడిపింది. మోకాళ్ళు మొరాయించాక చీటీతో సహా తెచ్చి నాకిచ్చింది. తళుకు నెల రోజులు నవ్వాడు, నిజమే. కానీ సంగతి ఊళ్ళో తెలిశాక మా షెడ్డుకొచ్చినవాళ్ళు, మావయ్య రాసినదానికి ఇంకో మాట అడగడం మానేశారు. మావయ్య చివరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా మంచం కమ్మీ కణుపుతో తట్టి, "రంగు మూడు పూతలురా, కింద తుప్పు" అన్నాడు. నర్సు నవ్వలేక చచ్చింది.

ఎందుకు అమ్ముతున్నానా? నా కాళ్ళు క్లచ్ తొక్కలేవు. బండి నిలబడితే పాడవుతుంది. బెంగేమీ లేదు, నడిపేవాడి దగ్గరికి పోతోంది. రాయి, నే చెబుతాను. "రెండు బండ్లు కలిపి చేసినది. ముందు సగం ఎవరిదో తెలియదు. వెనక అద్దం మూల మీద గీత ఉంది." గీత ఎవరిదో అడిగితే చెబుదువుగాని. ఇప్పుడు కింద ఒక లైను వదిలెయ్యి. ఆఁ, గేటు చప్పుడైంది. అతనే. స్ప్రింగు సంగతి మేడమ్ కొట్టిన పాత చీటీలో ఉంది, అద్దానికే అంటించాను, చదివితే సరే, చదవకపోతే నువ్వేమీ అనకు. ముందు వెనక తలుపు తియ్యి. ఎడం పక్క కూర్చోబెట్టు.