గుమ్మం మీది పేరు

దర్శిలో ఆ ఆర్‌ఎంపీ వైద్యుడి గుమ్మం మీద పెయింటర్ స్టూలెక్కి కొత్త బోర్డు బిగించి వెళ్ళాడు. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చిన భార్య చెప్పులైనా విడవకుండా దాని కింద నిలబడింది.

"డాక్టర్ అని నా పేరు ఎందుకు రాయించారండీ?"

"డాక్టరేటు వచ్చిందన్నావుగా. ఇక తనిఖీకి వచ్చినవాడు నన్నేం చేస్తాడు?"

"అది నర్సింగులో పీహెచ్‌డీ. నేను మందులు రాయకూడదు."

"రాసేది నేనేగా. నువ్వు బోర్డు మీద ఉంటే చాలు."

"ఇందుకేనా నన్ను చదువుకోనిచ్చింది?"

"మరి ఇంట్లో నెట్టు ఎందుకు పెట్టించాననుకున్నావు? మిరప కోతలప్పుడు ఇక్కడ రోగులు కిటకిటలాడుతున్నా, నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒక్క మాటన్నానా?"

"అనలేదు. ఏం చదువుతున్నావని కూడా అడగలేదు."

"అడిగితే నాకేం అర్థమవుద్ది?"

"అయ్యేది. ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒకే సూదితో ఎంతమందికి పొడుస్తున్నారు, వాళ్ళల్లో ఎంతమందికి కామెర్లు వచ్చాయి. అదే నా థీసిస్. మీ దగ్గర సూది వేయించుకున్నవాళ్ళూ ఉన్నారందులో."

అతను వీధిలోకి చూసి గొంతు తగ్గించాడు.

"నా పేరు రాశావా?"

"లేదు. ఎవరి పేరూ రాయకూడదు, అది రూలు."

"హమ్మయ్య. అయితే ఇంకేం, బోర్డు ఉండనీ."

"నన్ను కామెర్ల గురించి ఒక్క మాటైనా అడుగుతారేమో అనుకున్నాను."

"ఏమడగాలి?"

"ఏం వద్దులెండి. మీ పేరు నేను బయటపెట్టలేదు. నా పేరు మీరు గుమ్మానికెక్కించారు. ఆ స్టూలు ఇటివ్వండి."