వదిన మూడుసార్లు కొలిచింది

గర్భసంచిలోని గడ్డకు కోత లేకుండా, బయటినుంచే వేడి పెట్టి మూడు రోజులైంది. స్కాన్ గదిలో మంచం మీద పడుకున్న ఆడపడుచు తెరకేసి చూస్తోంది. స్కాన్ తీసేది వదినే.

"కదలకమ్మాయ్! గడ్డ ఎంత గట్టిగా ఉందో చూడాలి, నీకు కితకితలు పెట్టడం లేదు."

"జెల్ అంత చల్లగా ఉంటే కదలనా మరి? అవునూ, నీలం రంగు కనిపిస్తే గట్టిగా ఉన్నట్టని పోయినసారి చెప్పావుగా?"

"అబ్బో, టీచరమ్మకి పాఠం బాగానే గుర్తుంది."

"అప్పుడు అక్కడక్కడా ఉంది. ఇప్పుడు గడ్డంతా నీలమే! ఇక గర్భసంచి తీసెయ్యాల్సిందేనా వదినా?"

వదిన గడ్డ గట్టిదనాన్ని ఒకసారి కొలిచింది. మళ్ళీ కొలిచింది. మూడోసారీ కొలిచింది.

"నువ్వు నోరు మూసుకుంటే నాకు భయమేస్తుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆగని నోరది!"

"గుడ్డు ఉడికితే ఏమవుతుందే?"

"గట్టిపడుతుంది."

"వేడికి ఈ గడ్డా అంతే. నీలంగా ఉన్నంత మేరా ఉడికి చచ్చింది. ఇక మెల్లగా కుంచించుకుపోతుంది. నీ సంచి నీ దగ్గరే ఉంటుంది, బెంగపడకు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! మూడుసార్లు కొలవడమెందుకు?"

"మొదటిసారి నీ వదినగా కొలిచాను. కళ్ళు మసకబారి అంకె కనిపించలేదు. రెండోసారీ అంతే."

"మూడోసారి?"

"టెక్నీషియన్‌గా. రిపోర్టులో అదే రాస్తాను. ఇదిగో టిష్యూ, పొట్ట తుడుచుకో."

ఆడపడుచు ఆ కాగితాన్ని రెండు ముక్కలుగా చింపింది.

"సగం మీరు ఉంచుకోండి, టెక్నీషియన్ గారూ. మీ ముక్కు కారుతోంది."