తలుపు తట్టాక నిలబడే మనిషి

కూర్చోండి నాయనా, కూర్చోండి. ముసలిదాన్ని చూసి లేవనక్కర్లేదు. లేవాల్సిన వేళకి నేనే లేపుతాను.

ఫాదర్ గారూ, కూకా కన్నబిడ్డలారా, ఆపిల్ షెడ్డులో పని దిగి తిన్నగా ఇటే వచ్చిన తల్లులారా, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ అయ్యలారా! మన రెఫూహియో ఒలివారెస్, మనందరి కూకా, పోయింది. సరిహద్దు దాటి ఈ యాకిమా లోయకి పనికొచ్చిన మనవాళ్ళున్న ప్రతి ఇంటి తలుపూ, ఓట్లు వేయించడానికి ఆమె తట్టింది. ఇవాళ మనమంతా కలిసి ఆమె గుమ్మానికి వచ్చాం. తీసే మనిషి లేదు.

నా పేరు ఎపిఫానియా. నాకు చదువు రాదు. రాసుకొచ్చి చదవలేను కాబట్టి, చూసింది చెబుతాను.

కూకా మొదటిసారి మా ట్రైలర్ల వాడకి, ఈ రేకు డబ్బా ఇళ్ళ మధ్యకి వచ్చినప్పుడు మెడలో గుర్తింపు బిళ్ళ, చేతిలో కాగితాల అట్ట, ఒంటిమీద ఎన్నికల చొక్కా. ఆ వేషం చూస్తే మనకి గుర్తొచ్చేది ఎవరు? ఓట్లవాళ్ళా? కాగితాలు లేనివాళ్ళని పట్టుకెళ్ళే ఇమిగ్రేషన్ వాళ్ళు! వాడంతా రేడియోలు ఆగిపోయాయి. నాకు గ్రీన్ కార్డు ఉంది. ఉంటే మాత్రం? వాడలో ఆ కార్డు లేనివాళ్ళు ఉన్నారు కదా! నేనూ నోరు మూసుకుని మంచం పక్కన నక్కి కూర్చున్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

తట్టింది. తీయలేదు. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కిటికీలోంచి తొంగి చూడలేదు, మళ్ళీ తట్టలేదు, ఊరికే నిలబడింది. చాలాసేపటికి బయటినుంచి ఒక మాట వినిపించింది. “పెద్దమ్మా, నన్ను నమ్మకపోతే మానెయ్యండి. లోపల చిక్కుడు గింజలు మాడుతున్నాయి. వాటి ముఖం చూసైనా లేవండి.”

లేవక ఏం చేస్తాను? తలుపు తీసేసరికి మెడలో బిళ్ళ లేదు, తీసి సంచీలో పడేసింది. నా మాడిన గింజలు రొట్టెలో చుట్టుకుని తింది. “బాగున్నాయా?” అంటే, “బాగాలేవు, ఇంకో రొట్టె వెయ్యండి” అంది. అంతే! మరుసటి ఆదివారం నుంచి ఆమె వెంట తిరిగే వాలంటీర్లెవరూ ఆ చొక్కాలు వేసుకోలేదు. ఆడవాళ్ళంతా వంటింటి ఏప్రన్లు కట్టుకుని బయల్దేరారు. ఏప్రన్ కట్టుకున్న ఆడదాన్ని చూసి మనవాళ్ళలో ఎవడు భయపడతాడు చెప్పండి? మొగుడు తప్ప!

నవ్వండి. ఆమెకి నవ్వే ఇష్టం.

ఆ తర్వాత నా వెంట పడింది. పౌరసత్వం పరీక్షలో ఈ వయసువాళ్ళని మన భాషలోనే ప్రశ్నలడుగుతారని చెప్పి, ఆ ప్రశ్నలన్నీ బట్టలు ఆరేస్తూ నా నోటికి పట్టించి, నన్ను ఈ దేశపు మనిషిని చేసింది. నా మొదటి బ్యాలెట్, ఓటు కాగితం, తపాలాలో ఇంటికి వచ్చింది. బొమ్మల చీట్ల లాటరీ ఆటలో ఒక్కో బొమ్మ పేరూ పిలిచినట్టు, పోటీచేసేవాళ్ళ పేర్లన్నీ ఒకే గొంతుతో చదివింది. ఏ పేరు దగ్గరా గొంతు పెంచలేదు, ఏ పేరు దగ్గరా మూతి తిప్పలేదు. “నువ్వు ఎవరికేస్తావే?” అన్నాను. “మీ దుప్పట్లో ఎవరున్నారని నేనడిగానా పెద్దమ్మా?” అని అటు తిరిగి నా గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

బ్యాలెట్ తిరిగి పంపే కవరు మీద సంతకం కావాలి. నాకు నిశానీయే దిక్కు. నిశానీకి ఇద్దరు సాక్షులుండాలట. ఒకరు కూకా. రెండోవాళ్ళెవరు? పక్కింటి కాసిమిరో ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. ఆయన కోడిపుంజు నా కొత్తిమీర మడి తవ్విన నాటినుంచి మాకు మాటల్లేవు. “ఆ ముసలాడి సంతకంతో వెళ్ళే ఓటు నాకొద్దు!” అన్నాను. కూకా ఏమందో తెలుసా? “ఓటు మీది, పుంజు ఆయనది. రెండూ కలపకండి” అని వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన సంతకం పెట్టాడు. పెట్టి, అక్కడే కూర్చుని కాఫీ అడిగాడు. కాసిమిరో, ఏడవకయ్యా. ఇవాళ్టికీ నువ్వు నాకు కొత్తిమీర బాకీ.

జబ్బుపడి మంచం పట్టాక ఆమెని ఆస్పత్రికి వెళ్ళి చూశాను. ముక్కుకి గొట్టం. “గుమ్మాల ముందు అంతసేపు అంత ఓపిగ్గా ఎలా నిలబడ్డావే తల్లీ?” అన్నాను. “ఓపికా, నా బొందా? ఆయాసం తీర్చుకునేదాన్ని!” అంది. నవ్వింది, దగ్గింది. ఆ తర్వాత, “ఎవరూ వెళ్ళి అడక్కపోతే కాసిమిరో బ్యాలెట్ ఫ్రిజ్ మీదే ఉండిపోతుంది, చూడండి” అంది. ఆయాసం అన్నది అబద్ధం. ఆయాసం లేని రోజుల్లోనే మా ఇంటి ముందు నిలబడింది. నేను చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాక ఈ హాలు మెట్ల మీద ఒక మాట విన్నాను. వెనక వరసలో నీలం కోటు బాబూ, తల ఎత్తు. ఓట్ల ప్రచారం నడిపేది నువ్వేగా? “కూకా పోయింది కదా, ఈసారి ట్రైలర్ల వాడ వదిలేద్దాం, అక్కడ తలుపులే తీయరు” అన్నది నువ్వేగా? తట్టి, లోపలివాళ్ళు లేచేలోపే కారెక్కేవాడికి ఏ తలుపు తెరుచుకుంటుంది? ఒకడికి మోకాలు నొప్పి. ఒకతె చేతికి సబ్బు నురగ. ఒకతె మంచం పక్కన నక్కి, నమ్మాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఆలోచించుకోనివ్వవా? మమ్మల్ని వదిలేస్తే కూకాని రెండోసారి పాతిపెట్టినట్టు కాదా?

వదలడానికి వీల్లేదు. ఇదిగో ఆమె ఏప్రన్, కూతురు నా చేతికిచ్చింది. అక్టోబరులో బ్యాలెట్లు వచ్చిన రోజున ఇది కట్టుకుని మా వాడలో మొదటి తలుపు నేను తడతాను. అది కాసిమిరో తలుపే. తతిమ్మా వీధులు ఎవరెవరివో ఈ హాలు దాటేలోపు చెప్పి వెళ్ళండి. నీకూ ఒక వీధి ఉంది బాబూ, ఆ కోటు విప్పి రా.

ఇక లేవండి. నువ్వూ లే బాబూ. పలకకండి, కదలకండి. కూకా ఇప్పుడే ఒక తలుపు తట్టిందనుకోండి, ఆమె వెనకాలే మనం నిలబడ్డాం. లోపల ఎవరో పొయ్యి ఆర్పుతున్నారు. చేతులు తుడుచుకుంటున్నారు. వాళ్ళు గుమ్మందాకా వచ్చేవరకు నిలబడదాం.