హార్మోనియం మీద తువ్వాలు

ఈ కాగితం నేను చదవనమ్మా. ఏమనుకోబాక. "కీర్తిశేషులు, సంగీత సామ్రాట్, హార్మోనియం చక్రవర్తి నూర్ మొహమ్మద్ గారు"... ఎవురు రాశారిది? నువ్వేనా? బాగానే రాశావు ఉజ్వలమ్మా, కాదనట్లా. కానీ సెంటర్లో ఫ్లెక్సీకి రాసినట్టుంది. మనిషి మీద రాసినట్టు లేదు.

మా నూరు ఇదే రేడియో గదిలో, ఇదే మైకు ముందర ఆదివారం ఆదివారం మాట్టాడాడు గదా. పోయినోళ్ల పద్యం వేసినప్పుడు ఒక్కసారన్నా కీర్తిశేషులు అన్నాడా? "ఆయన వేషం తీసి ఇంటికి పోయాడండీ, పద్యం మనకాడ పెట్టిపోయాడు, వినండి" అనేవాడు. ఆ ఇంట్లోవాళ్లు కూడా రేడియో పెట్టుకుని ఉంటారని ఆయన బాధ.

రెండు నిమిషాల్లో చెప్పాలా? ఏం చెప్పమంటావు తల్లీ. ఆయన నాకు శృతి కుదర్చటానికే అంతసేపు తీసుకునేవాడు. కూర్చో. ఆ ఎర్ర లైటు ఎలగటానికి ఇంకా టైముంది గదా. ఆ మిరపతోట పురుగుమందుల ఆయన చెప్పటం అయిపోనీ.

నువ్వు పద్యనాటకం చూసి ఉండవు. సెల్లులో చూశావా? అది చూసినట్టు కాదులే. స్టేజీ మీద రాజు నిలబడి పద్యం ఎత్తుకుంటాడు. పద్యం అయినాక రాగం తీస్తాడు. రాగం కుదిరిందా, జనం ఒన్స్ మోర్ అంటారు. ఇంక చచ్చిపడిపోయిన రాజైనా సరే, లేచి దులుపుకుని మళ్లీ పాడాల్సిందే. నేను అట్టా ఎన్నిసార్లు లేచానో.

జనానికి కనపడేది రాజు. పక్కన కుర్చీలో కూర్చుని లెగ్ హార్మోనియం తొక్కే ఆయన్ని ఎవురు చూస్తారు? కానీ రాజు యాడ మొదలెట్టాలో, ఎంతదాకా పోవాలో ఆయన చేతిలోనే ఉంటది. హార్మోనియం మీద ఆ మెట్లు ఉన్నయ్యే, తెల్లయ్యీ నల్లయ్యీ, దాంట్లో ఏ మెట్టు పట్టుకుని పాడతావో అదే నీ శృతి. ఒకటి కింద, ఐదు పైన. మగోడు ఐదు శృతిలో నాటకమంతా లాగాడంటే మాచర్ల కాడినుంచి నూజెండ్ల దాకా చెప్పుకుంటారు.

నన్ను చెప్పుకున్నారమ్మా. ఐదు శృతి దానయ్య.

పగలు నేను నాపరాళ్ల మిల్లులో కూలోణ్ణి. మిషన్ కింద రాయి పెట్టి కోత కోయించేవాణ్ణి. తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి, నా పిల్లలే నన్ను గుర్తుపట్టేవాళ్లు కాదు. అట్టాటోడికి ఆ పేరు పెట్టింది నూరే. ఈ రేడియోలోనే. "ఇప్పుడు మన ఐదు శృతి దానయ్యన్న" అని నా పాత క్యాసెట్టు వేసేవాడు. ఆదివారం పూట మిల్లులో మిషన్ ఆపి మరీ వినేవాళ్లు. ఓనరు కూడా ఏమనేవాడు కాదు, వచ్చి స్టూలేసుకుని కూర్చునేవాడు.

తమాషా ఏందంటే, నాటకం గురించి చెప్పేటప్పుడు అందరి పేర్లూ చెప్పేవాడమ్మా. తబలా ఎవురు, రంగు పూసింది ఎవురు, పరదా లాగిన కోటయ్య ఇంటిపేరుతో సహా చెప్పేవాడు. టీ తెచ్చినామెని కూడా వొదిలిపెట్టేవాడు కాదు. ఆ పద్యం ఎనకమాల వినపడే హార్మోనియం ఎవురిదో మాత్రం చెప్పడు. నేను ఒకసారి అడిగా, ఏందిరా నూరూ, నీ పేరు కూడా చెప్పుకోవచ్చుగా అని. "వినపడతాంది గదన్నా, మళ్లీ చెప్పేదేముంది" అన్నాడు.

పేటలో కుట్టుమిషన్లు బాగుచేసుకునేవాడు. చేతులకి ఎప్పుడూ ఆయిలే. హార్మోనియం కాడికి వచ్చేముందు వేళ్లు ఒక్కోటీ సబ్బుతో రుద్ది కడుక్కునేవాడు. రంజాన్ నెలలో నాటకం పడితే, నా కిరీటం పెట్టే పెట్టె మీదే ఖర్జూరాలు పెట్టుకుని రోజా ఉపవాసం విడిచేవాడు. నాక్కూడా ఒకటి ఇచ్చేవాడు. గొంతుకి మంచిదన్నా అనేవాడు.

గొంతు. అయ్యో, అదేగా చెప్పొచ్చేది.

ఈ మధ్య కొన్నేళ్లుగా ఆయనకో అలవాటయింది. నా సీను రాగానే భుజం మీద తువ్వాలు తీసి మెట్ల మీద కప్పేసి, చేతులు దాని కిందకి పోనిచ్చి వాయించేవాడు. ఏందయ్యా ఇది అంటే, దుమ్మన్నా, మెట్లలోకి పోతాంది అనేవాడు. జనం ఏమనుకున్నారంటే, చూడకుండా వాయించటం అదొక విద్య అనుకున్నారు. చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ అట్టాగే అనుకున్నా. పెద్దోడయ్యాక ఈయనకి కూడా షోకు పుట్టిందిలే అని నవ్వుకున్నా.

మొన్న ఎండాకాలం పోయాడు. ఊపిరితిత్తులన్నారు, నీరు చేరిందన్నారు. గుంటూరు తీసుకెళ్లారు, తీసుకొచ్చారు. నేను మట్టి వేసి వచ్చా. ఏడవలా. ఎందుకో ఏడుపు రాలా.

ఆ తర్వాత రాజుపాలెంలో నాటకం ఒప్పుకున్నాం. వాయించటానికి మనిషి కావాలి గదా, సుమంత్ అని ఒక కుర్రోణ్ణి తెచ్చారు. కరెంటు కీబోర్డు. మంచి పిల్లోడే. మధ్యాన్నం రిహార్సల్‌లో అడిగాడు, "పెద్దాయనా, శృతి ఎంత?" అని. నన్ను శృతి అడుగుతాడేంది వీడు అని నవ్వొచ్చింది. ఐదు అన్నా.

ఇచ్చాడు. ఎత్తుకున్నా.

రాలేదమ్మా. పద్యం సగంలోనే గొంతు పట్టుకుపోయింది. మళ్లీ ఎత్తుకున్నా. రాగం కాడికి వచ్చేసరికి చీలిపోయింది. చొక్కా చించితే వచ్చే చప్పుడు చూడు, అట్టా. కూర్చున్నవాళ్లు తలలు వొంచుకున్నారు. ఒకాయన సెల్లు తీసి ఊరికే చూసుకుంటన్నాడు.

నేనేం చేశానో తెలుసా? ఆ పిల్లోణ్ణి తిట్టా. నీ పెట్టె తప్పురా అన్నా. చైనా సరుకు తెచ్చి మా నాటకం చెడగొడతన్నావు అన్నా. పాపం వాడు ఎదురు చెప్పకుండా, సెల్లులో ఏదో శృతి చూపించే యాప్ ఉందంట, అది పెట్టి నాకు చూపించాడు. అది ఐదేనమ్మా. పెట్టె తప్పు కాదు. జ్వరం అని చెప్పి నాటకం మానేసి వచ్చేశా.

బస్సు దిగి ఇంటికి పోలా. నూరు ఇంటికి పోయా. అమీనా బీ ఉంది, ఆయన భార్య. జొన్నలు చెరుగుతాంది. అమ్మా, మావాడు నాకు ఏ శృతి ఇచ్చేవాడో నీకేమన్నా తెలుసా అని అడిగా. చేట పక్కన పెట్టింది.

"చెప్పొద్దన్నాడు అన్నా" అంది. "నీ గొంతు తగ్గినకొద్దీ ఒక్కో మెట్టూ దింపుకుంటా వచ్చాడు. దింపినప్పుడల్లా నీ పద్యాలన్నీ ఇంట్లో కూర్చుని కొత్త మెట్టు మీద మళ్లీ నేర్చుకునేవాడు. వేళ్లు పాత మెట్టుకి పోతన్నయ్యని తనని తానే తిట్టుకునేవాడు" అంది.

ఆఖరికి యాడున్నానమ్మా అని అడిగా.

"మూడు" అంది.

మూడు శృతి, ఉజ్వలమ్మా. మిల్లులో నా పక్కన రాళ్లు మోసేవాడు కూడా పాడతాడు మూడులో. నేను మీసం తిప్పుకుంటా, ఐదు శృతి అని చెప్పుకుంటా ఊళ్లు తిరిగా. ఆయనేమో తువ్వాలు కింద దాచిపెట్టి నన్ను మోసుకుంటా తిరిగాడు. పైగా రేడియోలో ఐదు శృతి దానయ్యన్న అంటాడా. తెలిసి కూడా అంటాడా.

ఒళ్లు మండిపోయింది. పోయినోడని కూడా చూడలా. నన్ను ఇంత ఎర్రోణ్ణి చేస్తాడా నీ మొగుడు అన్నా ఆమెని. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె ఏమనుకోలా. లోపలికి పోయి టీ పెట్టుకొచ్చింది.

"నేనూ అడిగానన్నా, చెప్పొచ్చుగా అని. చెప్తే దానయ్యన్న పాడటం మానేస్తాడు, ఆయన మానేస్తే నేను ఎవురికి వాయించాలి అన్నాడు" అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఆమె ముందర, పిల్లోడి మాదిరి ఏడ్చా.

ఏందీ? అన్నేళ్లూ నాకు అనుమానం రాలేదా అంటావా? పాడేటోడికి తెలీకుండా ఉంటదా తల్లీ. రాగం తీసేటప్పుడు గొంతు నొప్పెయ్యట్లేదేంది, ఇంత సులువుగా పోతాందేంది అని ఒకటి రెండుసార్లు అనిపించింది. ఆ తువ్వాలు ఎత్తి చూస్తే అయిపోయేది. చెయ్యి పోలా. అంతే.

ఇప్పుడు నువ్వేమో నన్ను కూర్చోబెట్టి, ఆ క్యాసెట్టులో పద్యమే లైవ్‌లో పాడమంటన్నావు. ఐదు శృతి దానయ్య గాత్ర నివాళి అని సెల్లులో బొమ్మ కూడా పెట్టారంట, మా మనవరాలు చూపించింది. మిల్లులో మిషన్ ఆపుంటారు ఈపాటికి. ఆ రాజుపాలెంవాళ్లు కూడా వింటారు.

క్యాసెట్టు వేద్దామంటావా? నీ మనసు మంచిదమ్మా. నేనూ బస్సులో అదే అనుకుంటా వచ్చా. గొంతు నొప్పని చెప్పి, పాత క్యాసెట్టు వేయించి, ఈ కాగితం చదివేసి పోదామని. అప్పుడు నా పేరు నాకుంటది. ఎవురికీ తెలీదు. ఆ పిల్లోడు సుమంత్ కూడా యాడా చెప్పలేదంట.

కానీ నీ గదిలోకి రాగానే అది కనపడింది. ఆ మూల. ఆయన లెగ్ హార్మోనియం. జబ్బుపడకముందు ఇక్కడ తెచ్చిపెట్టుకున్నాడేమో, నాకు తెలీదు. దాని మీద తువ్వాలు అట్టాగే కప్పి ఉంది. ఎవురూ తీయలేదా?

పోయినాక కూడా నా పరువు కాపాడతానే కూర్చున్నాడమ్మా.

లే. ఇట్టా రా. ఆ తువ్వాలు తియ్యి. నాకియ్యి, నేను పట్టుకుంటా. ఆయిలు వాసన ఇంకా పోలేదు చూడు.

కూర్చో ఆ కుర్చీలో. కాళ్లు కింద ఆ పలకల మీద పెట్టి ఒకదాని తర్వాత ఒకటి తొక్కు, గాలి వస్తది. నీకు వాయించటం రాకపోయినా ఏం కాదు. ఒక్క మెట్టు పట్టుకుంటే చాలు. ఇదిగో, ఇది ఐదు. దీన్ని వొదిలెయ్. ఎడంపక్కకి రా. ఇంకా రా. ఇది. అరిగి పసుపు పచ్చగా అయింది చూశావా. ఇదే మూడు. ఏలు తియ్యకుండా నొక్కిపెట్టు.

లైటు ఎలగ్గానే ముందు నువ్వు చెప్పు. దానయ్య మూడు శృతిలో పాడతన్నాడు అని చెప్పు. చానా ఏళ్లుగా మూడులోనే పాడతన్నాడు, అది నూర్ మొహమ్మద్‌కి ఒక్కడికే తెలుసు అని చెప్పు. మొహమాటపడబాక, ఉన్నదున్నట్టు చెప్పు.

ఆ తర్వాత వేషం తీసి ఇంటికి పోయాడు అనే మాట... అది నేనే అనాలి. అనలేనేమో. అనలేకపోతే నేరుగా పద్యం ఎత్తుకుంటా, ఏమనుకోబాక.

ఇంకొక మాట తల్లీ. మధ్యలో నా గొంతు జారిందనుకో, జారితే జారనీ. జాలిపడి నువ్వు కింద మెట్టుకి పోబాక. ఆ పని చేసేవాడు పోయాడు.

అదిగో లైటు. తొక్కు.