జెట్టీ మీద మూతలు

సముద్రంలోకి సాగిన చెక్క జెట్టీ సగానికి పైగా కాలిపోయింది. మర్నాడు దాని మొదట్లో జెట్టీ మేనేజరూ, మంటలార్పిన దళం నాయకుడూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"చుట్టూ సముద్రం పెట్టుకుని నీళ్ళందలేదంటే నలుగురూ నవ్వరూ?"

"ఆటు వేళ సార్. నీళ్ళు వెనక్కి పోయి జెట్టీ కింద బురదే మిగిలింది. బురద చల్లమంటారా?"

"మరి ఫైరింజన్ పైకి తేవాల్సింది."

"పది టన్నుల బండిని మీ చెక్కలు ఆపుతాయా? బండి ఒడ్డునే ఆపి, దాని ట్యాంకులో ఉన్న కాసిని నీళ్ళకే పైపులు తగిలించి, భుజాన మోసుకుని చివరిదాకా పరిగెత్తాం."

"పరిగెత్తారు, నీళ్ళూ కొట్టారు. ఆరలేదేం?"

"మంట చెక్కల కింద ఉంటే పైన కొట్టి ఏం లాభం? అందుకేగా జెట్టీ చెక్కల్లో అక్కడక్కడా మూతలు పెట్టించింది! మూత ఎత్తి పైపు దించితే ఆరిపోయేది. వాటికి మేకులు కొట్టించిందెవరు?"

"అదీ... ఆ మూతల సందుల్లో ఆడవాళ్ళ హైహీల్స్ ఇరుక్కుంటున్నాయని గొడవ చేస్తుంటే, నేనే..."

"మాకొక్క మాట చెప్పారా?"

"ఇంత చిన్న విషయానికి..."

"ఆ చిన్న మేకులు పీకుతూనే మావాడొకడు చెక్కలు విరిగి కిందికి జారాడు. దూలాల మధ్య కాలు ఇరుక్కుంది. పొద్దున ఆ కాలు తీసేశారు."

"అయ్యో, నాకు తెలీదు..."

"తెలిసిందిగా. బండెక్కండి, ఆసుపత్రికి పోదాం. ఆ హైహీల్స్ కథేదో వాడికి మీరే చెబుదురు గాని."