దిగనని మొరాయించిన ఫోర్కులు

జనవరి చలిలో, పరాయి ఎడారి దేశపు షుఐబా రేవు గోదాములో మెకానిక్ బంగారయ్య సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ ముందు గొంతుక్కూర్చున్నాడు. డ్రైవర్ సుభాన్ పక్కనే నిలబడ్డాడు. బండి పాడుచేసింది తనేనని తేలితే మళ్లీ మూటలు మోయాల్సిందే.

“ఫోర్కులు బాగానే లేస్తాండాయన్నా, దిగేటప్పుడే నిదానం.”

“మా కోనసీమలో ఓ కొబ్బరిబొండం ఇలాగే దిగిందిరా. నేల తాకేసరికి ముదిరి కాయైపోయింది! బరువుంటే ఎలా దిగుతున్నాయి?”

“బాగానే. ఖాళీగా ఉంటేనే ఇట్ల.”

“బరువు నొక్కితేనే దిగుతున్నాయంటే ఆయిలే చిక్కగా ఉంది. ఫోర్కుల్ని ఎత్తిదించే ఆయిల్ ట్యాంకులో ఏం పోశావ్?”

“ఇంజనాయిల్... రాయచోటిలో మా ట్రాక్టరుకి అదే పోస్తాంటిమి.”

“ఈ చలికి అది బెల్లం పాకమైపోద్దిరా! హైడ్రాలిక్ ఆయిల్ పట్రా, మార్చేద్దాం.”

“రిపోర్టులో ఏం రాస్తావన్నా?”

“ఆయిల్ మార్చామని.”

“పోసినోడి పేరు?”

“దానికి కాగితంలో గడి లేదు. ఉంటే, నేనొచ్చిన కొత్తలో నా పేరే ముందు ఎక్కేది.”