ఎనిమిది నెలల గీత

గణిత బోధన మీద పరిశోధన చేస్తున్న విద్యార్థి, గడువు ఆరు నెలలు పెంచమనే ఉత్తరం, దానికి జతగా రాసిన పేజీల పట్టిక, గ్రాఫు పట్టుకుని తన గైడు గదికి వచ్చాడు. ఆమె సంతకం లేకపోతే సోమవారం అతని పేరు కొట్టేస్తారు.

“ఉత్తరంలో పని చురుగ్గా సాగుతోందని రాశావు. పట్టికలో ఎనిమిది నెలలుగా పేజీలు తొంభై దగ్గరే ఉన్నాయి. గ్రాఫులో గీత కాళ్లు చాపుకుని పడుకుంది. ఏది నమ్మమంటావు నాయనా?”

“మూడూ ఒకటే మేడమ్. నా సిద్ధాంతమే అది కదా. ఒకే విషయం మాటల్లో ఒకలా, పట్టికలో ఒకలా, గ్రాఫులో ఇంకోలా కనిపిస్తుంది. పిల్లలు ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి మార్చలేకే లెక్కల్లో తప్పుతున్నారు.”

“నాకే పాఠం చెప్పకు. ఇదిగో, మార్చిలో గీత కాస్త లేచింది. ఏమిటది?”

“ఆ నెల అక్షరాల సైజు పెంచాను మేడమ్.”

“బాగుంది. ఆ చదును గీతని కూడా మాటల్లోకి మార్చు. పిల్లలకి పెట్టిన పరీక్షే నీకూ.”

“ఇప్పుడెందుకులెండి మేడమ్.”

“మార్చకపోతే సంతకం లేదు.”

“మూడో అధ్యాయం చదివి చెప్తానని తీసుకున్నారు. మీరు చెప్పాకే నాలుగోది మొదలుపెట్టమన్నారు. అది మీకిచ్చి ఎనిమిది నెలలైంది మేడమ్.”

ఆమె బల్ల సొరుగు లాగి చూసింది. మళ్లీ మూసేసింది.

“ఆరు నెలలు సరిపోతాయా నీకు?”

“మీరు చదివేస్తే సరిపోతాయి మేడమ్.”

“ఆఫీసువాళ్లు గ్రాఫు అడిగారా?”

“లేదు మేడమ్. ఉత్తరం ఒక్కటి చాలన్నారు.”

“అయితే గ్రాఫు ఇక్కడే వదిలేసి వెళ్లు,” అంటూ ఆమె సంతకం చేసింది.